ఎలీయాజరు మాస్టారి హెరాల్డ్

2007 మే నెలలో ఒక మంగళవారం ఉదయం తాడేపల్లిగూడెంలో స్పేర్‌పార్టుల షాపు నడిపే ఆనంద్ పాల్, చేపల చెరువుల సుబ్బరాజు కారెక్కి ఏలూరు బయలుదేరాడు. తనకు ఫిజిక్సు చెప్పిన ఎలీయాజరు మాస్టారింటికి వెళ్ళి, ఆయన హెరాల్డ్ కారు ఇంజనులో ఒక్క పార్టు కూడా ఒరిజినల్ కాదని ఆయన భార్య ముందు చెప్పాలి. అదీ పని. అది అబద్ధమని అతనికి తెలుసు. అతనికి తెలిసినంతగా జిల్లాలో ఇంకెవరికీ తెలియదు.

ఆ కారు ఒకప్పుడు మిషన్ ఆసుపత్రి మిస్సమ్మగారిది. 1974లో ఆవిడ తన దేశం వెళ్ళిపోతూ మాస్టారికి ఇచ్చి వెళ్ళింది. అప్పటికే హెరాల్డ్‌లు తయారుచేయడం మానేశారు. ఏదైనా పాడైతే మెకానిక్కులు వేరే కారు పార్టు తెచ్చి, ఆకురాయితో అరగదీసి, ఎలాగో ఇమిడ్చి పంపేవారు. మాస్టారికి అది నచ్చలేదు. అలా ఇమిడ్చినవన్నీ ఒక్కొక్కటే విప్పి, ఆ కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఆ చోట ఏది ఉందో సరిగ్గా అదే వెతికి తెచ్చేవారు. సెలవులొస్తే మద్రాసు రైలెక్కి, పుదుపేట సందుల్లో పాత ఇనుప కుప్పల ముందు గొంతుకూర్చుని, జేబులోంచి స్కూలు లేబొరేటరీ వెర్నియర్ కాలిపర్ తీసి కొలుచుకునేవారు. ముప్పై ఏళ్ళు అదే పని. చివరికి ఇంజను మొత్తం అసలు పార్టులతో నిండింది.

ఆ విద్య ఆనంద్ పాల్‌కి నేర్పింది కూడా ఆయనే.

“దొంగ పార్టు చేసేవాడు కొత్తగా అచ్చు చేసుకోడు. అసలు దాన్నే అచ్చుగా పెట్టి పోత పోస్తాడు. లోహం చల్లారితే ఏమవుతుంది?” అనేవారు.

“కుంచించుకుపోతుందండి.”

“ఎంత?”

“వెంట్రుకవాసండి.”

“ఆ వెంట్రుకవాసి నీ వేలికి తెలియాలి. పార్టు మీద పోసిన అక్షరం అంచు మొండిగా తగిలిందా, అది దొంగది.”

ఆనంద్ పాల్‌కి ఇరవై రెండేళ్ళప్పుడు ఒక సంగతి జరిగింది. అప్పటికి అతను బెజవాడ ఆటోనగర్‌లో ఒక షాపులో పనిచేస్తున్నాడు. హెరాల్డ్ వాటర్ పంపు ఒకటి దొరికితే గురువుగారికి కానుకగా ఇద్దామని ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గుమ్మం దగ్గర ఆయన చేతిలో పెట్టాడు. చుట్టూ సంఘం పెద్దలు, పాత విద్యార్థులు. మాస్టారు బొటనవేలితో ఒకసారి తడిమి చూసి, దాన్ని పక్కనున్న మురికి కాలవలోకి విసిరేశారు.

“నీ వేళ్ళకి కళ్ళు లేవురా. నువ్వు అమ్ముకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు” అన్నారు.

అందరూ నవ్వారు. ఆనంద్ పాల్ కూడా నవ్వాడు. ఆ తరవాత ఇరవై ఒక్క ఏళ్ళు, ఏ పార్టు చేతిలోకి తీసుకున్నా ఆ మాట చెవిలో పడేది. అందుకే కావచ్చు, అతని వేళ్ళు జిల్లాలో ఎవరి వేళ్ళూ పోటీకి రానంతగా పదునెక్కాయి. చింతలపూడి నుంచి, దెందులూరు నుంచి పాత కార్లవాళ్ళు పార్టు గుడ్డలో చుట్టుకుని తెచ్చి అతనికి చూపించుకునేవారు. మాస్టారు మాత్రం ఆ షాపు గడప ఎప్పుడూ తొక్కలేదు.

సుబ్బరాజు మాట మెత్తన. కిందటేడు ప్రభుత్వం కొల్లేరులో చేపల చెరువుల గట్లు తెంపినప్పుడు అతని చెరువులు సగం పోయాయి. మిగిలిన సగం ఆకివీడు వైపు సొంత భూమిలో ఉన్నాయి. ఆ చెరువుల మధ్య గెస్ట్‌హౌస్ కట్టి, దాని ముందు షెడ్డులో పాత కార్లు పెట్టుకుంటున్నాడు. నాలుగు వచ్చాయి. హెరాల్డ్ లేదు.

“ఏవండీ ఆనంద్ పాల్ గారూ, రెండుసార్లు మనిషిని పంపేనండి” అన్నాడు వారం కిందట షాపులో కూర్చుని మజ్జిగ తాగుతూ. “మాస్టారి భార్య టీచరుగారు ఇవ్వనన్నారంట. మా ఆయన ముప్పై ఏళ్ళు ఏరి తెచ్చుకున్న ఒరిజినల్ సామాను, ఆయన కళ్ళముందే ఉండనివ్వండి అన్నారంట. ఆ ఒరిజినల్ అనే మాట ఆవిడ మనసులోంచి తీసేస్తే ఇచ్చేస్తారండి. తమరు చెబితే నమ్ముతారు.”

“ఆయన నా గురువుగారండి.”

“బలవంతమేం లేదండి. మా లారీలకీ, చెరువుల్లో గాలి కొట్టే ఏరేటర్లకీ పార్టులు భీమవరంలో కూడా దొరుకుతాయి. ఊరికే అడిగేనంతే.”

మజ్జిగ గ్లాసు బల్లమీద పెట్టి, నవ్వుతూ దణ్ణం పెట్టి వెళ్ళాడు. షాపు నడిచేదే రాజుగారి చెరువుల మీద. ఆనంద్ పాల్ రెండు రోజులు తెగ మథనపడ్డాడు. మూడో రోజు ఫోను చేసి వస్తానన్నాడు. ఫోను పెట్టేశాక, తాను అనుకున్నంత బాధగా లేదని అతనికే ఆశ్చర్యం వేసింది.

మాస్టారిల్లు తమ్మిలేరు గట్టు దగ్గర సందులో. సుబ్బరాజు సందు మొదట్లో కారులోనే ఉండిపోయాడు. ఆనంద్ పాల్ ఒక్కడే లోపలికి నడిచాడు. మాస్టారి భార్య పుష్పలత ఎలిమెంటరీ స్కూల్లో పనిచేసి రిటైరైన టీచరు. తలుపు తీసి, “నువ్వా ఆనందూ! ఎన్నేళ్ళకి బాబూ!” అని చెయ్యి పట్టుకుంది.

“వందనాలండి టీచరుగారూ. మాస్టారికి బాగోలేదని తెలిసి…”

“కిందటి క్రిస్మసుకి పక్షవాతం వచ్చింది నాయనా. కుడివైపంతా పడిపోయింది. మాట కూడా పోయింది. ఒక్క అవును తప్ప ఇంకో మాట రాదు. ఆకలేసినా అవునే, వద్దనడానికీ అవునే. కళ్ళు చూసి మనమే తెలుసుకోవాలి.”

మాస్టారు రేకుల షెడ్డు ముందు చక్రాల కుర్చీలో ఉన్నారు. ఎదురుగా లేత ఆకుపచ్చ హెరాల్డ్. ఆయన ఆనంద్ పాల్‌ని చూసి, ఎడమ చెయ్యి కొంచెం ఎత్తి, “అవును” అన్నారు. గొంతులో సంతోషం ఉంది.

“ఒకసారి ఇంజను చూడనా అండి? మీరు కష్టపడి తెచ్చినవి కదా” అన్నాడు ఆనంద్ పాల్.

“చూడు బాబూ, ఆయనకి సంతోషం” అంది పుష్పలత.

హెరాల్డ్ బానెట్ ముందువైపుకి తెరుచుకుంటుంది. బానెట్‌తో పాటు ముందు చక్రాల మీది రెక్కలు కూడా లేచి, ఇంజను నలువైపులా బయటపడుతుంది. ఆనంద్ పాల్ వంగి కార్బురేటర్ మీద వేలు పెట్టాడు. అక్షరాల అంచులు బ్లేడులా తెగుతున్నాయి. నంబరు సరిగ్గా ఉంది. ఫ్యూయల్ పంపు, వాటర్ పంపు, డైనమో, అన్నీ తడిమాడు. అతను పుట్టాక ఇంత నిఖార్సైన ఇంజను చూడలేదు. కాసేపు ఎందుకొచ్చాడో మరిచిపోయాడు.

తల ఎత్తేసరికి మాస్టారు అతని వేళ్ళనే చూస్తున్నారు. చర్చి గుమ్మం దగ్గర చూసిన చూపు అదే అనిపించింది. నిజానికి ఆయన గర్వంగా, ఆశగా చూస్తున్నారు. ఆనంద్ పాల్‌కి అలా కనపడలేదు.

“టీచరుగారూ, ఇది మాస్టారికి ఎవరు అమ్మేరండి?” అన్నాడు.

“ఏం బాబూ?”

“ఏం లేదండి. కార్బురేటర్ డూప్లికేట్.”

పుష్పలత నవ్వింది. “ఆయన డూప్లికేట్ పెడతారా నాయనా?”

ఆనంద్ పాల్ జేబులోంచి వెర్నియర్ తీశాడు. కొలిచినట్టు కొలిచి, ఆమెకు చూపించాడు. ఆ గీతలు చూసి ఆమె ఏం తెలుసుకోగలదు? “పోత చల్లారితే కుంచించుకుపోద్దండి. వెంట్రుకవాసి చిన్నగా ఉంది చూడండి. మాస్టారే నేర్పేరు నాకు” అన్నాడు.

మాస్టారి ఎడమ చెయ్యి కుర్చీ చేతిమీద కొట్టుకోవడం మొదలుపెట్టింది. “అవును! అవును!” అని అరిచారు.

“చూసేరా, ఆయనా ఒప్పుకుంటున్నారు” అన్నాడు ఆనంద్ పాల్.

అన్న తరవాత ఆ మాట నీచమైనదని తెలిసింది. నాలిక మీద మాత్రం తియ్యగా ఉంది. ఫ్యూయల్ పంపు డూప్లికేటన్నాడు. వాటర్ పంపు మీద వేలు పెట్టి, కొంచెం ఆగి, “ఇదైతే మరీ అన్యాయం. ఇలాంటిది కాలవలో పారెయ్యాలండి” అన్నాడు. మాస్టారి నోటి పక్కనుంచి చొంగ కారుతోంది. “అవును, అవును” అంటూనే ఉన్నారు. కళ్ళనిండా నీళ్ళు.

పుష్పలత మొహంలో నవ్వు పోయింది. చీర చెంగుతో భర్త నోరు తుడవబోయి, ఆగి, ఇంజను దగ్గరికి నడిచింది. నల్ల మూతలోంచి వైర్లు బయటికొచ్చే డిస్ట్రిబ్యూటర్ చూపించింది.

“ఇదో?”

అది చాలా మంచి ముక్క. వచ్చిన పని అప్పటికే అయిపోయింది. ఇదొక్కటీ ఒరిజినల్ అన్నా రాజుగారికి నష్టం లేదు. ఆనంద్ పాల్ ఆ మాట అనుకున్నాడు కూడా. అప్పుడు మాస్టారి వైపు చూశాడు. ఆయన ఎడమ చెయ్యి అతని వైపు చాపి, అరచెయ్యి తెరిచి పెట్టారు. అడుక్కునేవాడి చెయ్యిలా ఉంది.

“అదీ అంతేనండి” అన్నాడు ఆనంద్ పాల్.

పుష్పలత ఆ నల్ల మూత మీద చెయ్యి పెట్టింది.

“ఇది ఎప్పుడు తెచ్చేరో తెలుసా బాబూ?” అంది. “డెబ్బై తొమ్మిది, అక్టోబరు. మాకొక మగపిల్లాడు పుట్టేడు, నీకు తెలీదు. ఐదో నెలలో జ్వరం వచ్చింది. ఈయన మద్రాసులో ఉన్నారు. టెలిగ్రాం ఇస్తే, ఇంకొక్క రోజు ఆగితే దొరుకుద్దని ఆగిపోయేరు. వచ్చేసరికి పాతిపెట్టేసేం. ఈ ముక్క సంచిలో ఉంది. పోనీలే, ఇంత కష్టపడి నిజమైనదే తెచ్చుకున్నారు కదా అని ఇన్నేళ్ళు సరిపెట్టుకున్నాను.”

భర్త వైపు తిరిగింది. “మీకు తెలుసా ఇది దొంగదని? తెలిసే పెట్టుకున్నారా?”

“అవును” అన్నారు మాస్టారు. తల అడ్డంగా ఊపుతూ అన్నారు. పుష్పలత ఆ తలవైపు చూడలేదు.

రెండు రోజుల తరవాత సుబ్బరాజు వచ్చి, “ఇనప సామానైనా ఫర్వాలేదండి, మాస్టారి మీద గౌరవంతో తీసుకెళతాను” అన్నాడు. ఆనంద్ పాలే కారు బయటికి తీయాల్సి వచ్చింది. కారు కదులుతుండగా మాస్టారు కుర్చీలోంచి ముందుకి పడి, ఎడమ చేత్తో డోరు హ్యాండిల్ పట్టుకున్నారు. పుష్పలత వచ్చి ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది.

జూన్ ఆఖర్లో గెస్ట్‌హౌస్ దగ్గర విందు పెట్టారు. భీమవరం, హైదరాబాదు నుంచి సుబ్బరాజు స్నేహితులు వచ్చారు. బానెట్ ఎత్తి, ఆనంద్ పాల్‌ని పక్కన నిలబెట్టి, “చెప్పండి ఆనంద్ పాల్ గారూ” అన్నాడు. ఆనంద్ పాల్ చెప్పాడు. కార్బురేటర్ ఒరిజినల్. ఫ్యూయల్ పంపు ఒరిజినల్. ఒక్కొక్క దానికీ నంబరు ఎక్కడుందో, దాన్ని ఎలా గుర్తుపట్టాలో వివరించాడు. మాస్టారు తరగతిలో చెప్పిన వరసలోనే చెప్పాడు. వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు. ఒకాయన, “ఇవన్నీ ఏరిన మహానుభావుడు ఎవరండీ?” అని అడిగాడు. “ఎవరో బడిపంతులండి” అన్నాడు సుబ్బరాజు.

ఆగస్టులో ఏలూరు పాత బస్టాండులో ఆనంద్ పాల్‌కి యేసమ్మ కనపడింది. మాస్టారికి స్నానం చేయించడానికి రోజూ వచ్చే మనిషి.

“మాస్టారు ఎలా ఉన్నారమ్మా?” అన్నాడు.

“ఏం చెప్పనయ్యా. చావూ కాదు, బతుకూ కాదు. టీచరమ్మగారు కుర్చీని ఆ ఖాళీ షెడ్డు వైపు తిప్పి పెడతారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అటే చూడాలి. కంచం పెడుతూ, ఇది ఒరిజినల్ అన్నమేనా, వేలు పెట్టి చూసుకోండి అంటారు. పిల్లాణ్ణి చంపింది మీరే కదా అంటారు. ఆయన అవును అంటారు. ఆయనకి వేరే మాట రాదు కదయ్యా. మళ్ళీ అడుగుతారు. మళ్ళీ అవును అంటారు. ఆ అమ్మ అంత మంచిది, ఏం పట్టిందో.”

యేసమ్మ బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆనంద్ పాల్ తాడేపల్లిగూడెం బస్సు ఎక్కలేదు. నేరుగా మాస్టారింటికి నడిచాడు.

పుష్పలత లోపల వంటింట్లో ఉంది. మాస్టారు షెడ్డు వైపు తిరిగి ఉన్నారు. సగానికి సగం అయిపోయారు. ఆనంద్ పాల్ ఆయన ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. ఆయన కళ్ళెత్తి చూశారు. చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆయన చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

“ఒంట్లో ఎలా ఉందండి మాస్టారూ?” అన్నాడు.

ఆయన ఈసారి ఆ ఒక్క మాట కూడా అనలేదు. మొహం తిప్పుకున్నారు.

ఆనంద్ పాల్ వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. “టీచరుగారూ, మీతో ఒక నిజం చెప్పాలండి. ఆ కారులో పార్టులు…”

పుష్పలత చప్పున లేచి వచ్చి అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. మరో చేత్తో పెరటి వైపు తలుపు మూసేసింది.

“చెప్పకు” అంది.

“అవన్నీ నిజంగా…”

“చెప్పొద్దన్నానా! అవి డూప్లికేట్లే. నువ్వే చెప్పేవు, కొలిచి చూపించి మరీ చెప్పేవు.” గొంతు తగ్గించింది. “మూడు నెలలుగా ఆయన్ని నేనేమేమి అన్నానో నీకు తెలుసా? నోరు లేని మనిషిని. ఇప్పుడు నువ్వొచ్చి కాదంటే ఆ మాటలన్నీ నేనెక్కడ పెట్టుకోను? ఆయన నావైపు చూస్తారు. ఆ చూపు నేను పడలేను. నువ్వు నీ బరువు దింపుకుని బస్సెక్కి పోతావు.”

“పోనీ ఆయనకైనా చెప్పనివ్వండి టీచరుగారూ.”

“ఆయనకి తెలుసు” అంది పుష్పలత. “నువ్వు అబద్ధమాడేవని ఆయనకి మొదటిరోజే తెలుసు. తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. నన్నలాగే ఉండనీ.”

వీధి తలుపు తీసి పట్టుకుంది. ఆనంద్ పాల్ బయటికి వచ్చాడు. గట్టుమీద నడుస్తుంటే గుండె తేలికపడింది. చెప్పబోయాను, ఆవిడే వద్దంది అనుకున్నాడు. సందు మలుపు తిరిగేలోపే ఆ తేలిక చూసి తనమీద తనకే రోత పుట్టింది. అయినా వెనక్కి వెళ్ళలేదు.

మాస్టారు డిసెంబరు రెండో వారంలో పోయారు. చివరి పదిరోజులు అన్నం నోట్లో పెడితే మింగలేదని యేసమ్మ చెప్పింది.

భూస్థాపన రోజు సుబ్బరాజు హెరాల్డ్‌ని కడిగించి, బంతిపూల దండలు వేయించి పంపాడు. మాస్టారి శవపెట్టె ఉన్న వ్యాను ముందు ఆయన కారే నడవడం న్యాయమని సంఘం పెద్దలకు ఫోను చేసి చెప్పాడు. వాళ్ళు పొంగిపోయారు. నడపడం ఆనంద్ పాల్ వంతు. పక్క సీట్లో తెల్ల చీర కట్టుకున్న పుష్పలత కూర్చుంది. తమ్మిలేరు వంతెన దాటి సమాధుల తోట చేరేదాకా ఇంజను ఒక్కసారి కూడా దగ్గలేదు.

గుంట తీయడం ఇంకా పూర్తి కాలేదు. తోట గేటు దగ్గర మాస్టారి పాత విద్యార్థులు కారు చుట్టూ చేరారు. ఒకరు బానెట్ మీద చెయ్యి వేసి, “ఇందులో ప్రతి ముక్కా ఒరిజినలేనటగా, నిజమేనాండీ?” అన్నారు.

సుబ్బరాజు అక్కడే ఉన్నాడు. “మన ఆనంద్ పాల్ గారిని అడగండి. ఆయన వేలు పెట్టి చెప్పేరంటే తిరుగులేదండి” అన్నాడు.

ఆనంద్ పాల్ పుష్పలత వైపు చూశాడు. ఆమె రెండు గజాల దూరంలో యేసమ్మ భుజం పట్టుకుని నిలబడి ఉంది.

“చెప్పు బాబూ” అంది ఆమె. “ఇంక నన్ను ఆ చూపు చూసేవాళ్ళు ఎవరూ లేరు. అందరూ వింటారు, చెప్పు.”

అతను బానెట్ ఎత్తాడు. కార్బురేటర్ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ చూపించి చెప్పాడు. మధ్యలో వాటర్ పంపు మీద వేలు ఆగిపోతే, గురువుగారి మీద ప్రేమ అనుకుని ఎవరో అతని వీపు నిమిరారు. పుష్పలత చివరిదాకా నిలబడి విన్నది. పాస్టరుగారు పిలవగానే లోపలికి నడిచింది. పెట్టె దింపేటప్పుడు అందరూ పాట పాడారు. ఆమె మాత్రం పాడలేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు ఆమె కారెక్కలేదు. యేసమ్మతో ఆటోలో వెళ్ళింది.

“నాలుగింటికల్లా గెస్ట్‌హౌస్‌కి తెచ్చేయండి ఆనంద్ పాల్ గారూ, కాకినాడ నుంచి మనవాళ్ళు వస్తున్నారు” అన్నాడు సుబ్బరాజు.

“అలాగేనండి” అని ఆనంద్ పాల్ దండలు విప్పడం మొదలుపెట్టాడు.